సామాన్లగదిలో పదహారు మంది

ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్ళు కూడా రండి, అక్కడిదాకా నా మాట అందదు. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. నా మనవరాలికి ఆరేళ్ళు నిండిన ఏడు, ఒక్క వానాకాలంలో మా ఇంట్లో జరిగింది. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించేదాన్నే అయితే నాకు మంచిపేరు వచ్చేలా కల్పించుకునేదాన్ని కదా. వింటే మీకే తెలుస్తుంది.

అప్పట్లో నేను బడిలో ఆయాని. గంట కొట్టడం, కుండల్లో నీళ్ళు నింపడం, గదులు ఊడవడం, ఏడ్చే పిల్లల ముక్కులు తుడవడం, ఇదీ నా ఉద్యోగం. ఒకటో తరగతికి ఒక పెద్ద గది, ఒక టీచరమ్మ, అరవై నాలుగు మంది పిల్లలు. అంతమందికి పాఠం చెప్పాలంటే ఉన్నది ఒకటే దారి. టీచరమ్మ ఒక వాక్యం చెప్పేది, అరవై నాలుగు నోళ్ళూ ఒక్కసారిగా తిరిగి చెప్పేవి. ఆ హోరుకి కిటికీ రెక్కలు అదిరేవి. వీధిలో పోయేవాళ్ళు ఆగి, పిల్లలు ఎంత చక్కగా చదువుతున్నారో అని ముచ్చటపడి పోయేవాళ్ళు. నేనూ అలాగే ముచ్చటపడేదాన్ని.

ఏళ్ళ తరబడి ఆ వరండా ఊడుస్తూ విన్నానేమో, ఒకటో తరగతి పుస్తకం మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా నాకు నోటికి వచ్చు. ఎక్కడ పేజీ తిప్పుతారో కూడా తెలుసు. అరవై నాలుగు పుస్తకాల్లో ఒకేసారి పేజీ తిరిగితే పావురాల గుంపు లేచినట్టు చప్పుడవుతుంది మరి. ఆ చప్పుడుతో సహా నాకు గుర్తు.

మా అబ్బాయి ఇళ్ళకి పైకప్పులు వేసే మేస్త్రీ. కోడలు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది, పొద్దు పొడవకముందే వెళ్ళిపోయేది. కాబట్టి పిల్లకి తల దువ్వి బడికి తీసుకెళ్ళడం నా వంతు. జడలో ఒక పాయ అల్లుతూ ఒక వాక్యం చెప్పేదాన్ని, అది తిరిగి చెప్పేది. జడ ముగిసేసరికి పాఠం ముగిసేది. సాయంత్రం అమ్మానాన్నలు ఇంటికి రాగానే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ, సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడే పేజీ తిప్పుతూ అప్పజెప్పేది. అంత గడగడా చదివేది కనక దాని పేరే గడగడ అయిపోయింది.

ఒకసారి కోడలు, పిల్ల మరీ ఊపిరి తీసుకోకుండా చదువుతోందేమిటని అనుమానంగా అడిగింది. అది మన రక్తంలోనే ఉందన్నాను. మా అబ్బాయి కాళ్ళు కడుక్కుంటూ, "ఆ రక్తం మధ్యలో నన్ను దాటేసి పోయినట్టుందమ్మా" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆరు నెలల్లో టీచరమ్మ దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు లేదంటే చదువు బాగున్నట్టేనని మా లెక్క.

మా వైపు వానలు దీపావళి దాటాకే. అవి మొదలైన పదో రోజున, బడికి సెలవున్న పూట, పెద్దగది దూలం విరిగింది. పిల్లలు లేరు కనక సరిపోయింది. మర్నాడు తలుపు తీసి చూస్తే పెంకులన్నీ బల్లల మీద, ఆకాశం గదిలోపల. అలమరలోని పుస్తకాలు తడిసి దిళ్ళలా ఉబ్బిపోయాయి.

హెడ్మాస్టారు బడంతా తిరిగాడు. ఖాళీగా ఉన్నది ఒక్క సామాన్లగదే, ఆయన ఆఫీసు పక్కన. విరిగిన కుర్చీలూ పాత మ్యాపులూ బయటపడేసి, నేను కడిగి ఇచ్చాను. ఎలా ఇరికించినా పదహారు మందికి మించి పట్టరు. అందుకని అరవై నాలుగు మందినీ నాలుగు జట్లు చేశారు. ఒక్కో జట్టుకి గంటన్నర, టీచరమ్మ ఒకే పాఠాన్ని రోజుకి నాలుగుసార్లు చెప్పాలి. పైకప్పు పని మా అబ్బాయికే వచ్చింది. నెలన్నరలో పూర్తి చేస్తానని మాటిచ్చాడు.

ఇంకో షరతు ఉంది. సామాన్లగదికీ ఆఫీసుకీ మధ్య ఉన్నది చెక్కగోడ. అరుపులు వినబడకూడదని హెడ్మాస్టారు గట్టిగా చెప్పాడు. అంటే అందరూ కలిసి చదవడం బంద్. ఒక్కొక్కళ్ళే, మెల్లగా, టీచరమ్మకి వినబడితే చాలు. ఆవిడ కూడా కుర్చీ పట్టక చిన్న పీట తెచ్చుకుని పిల్లల మధ్యనే కూర్చునేది.

మూడో రోజు. నేను వరండాలో నిలబడి ఆ గది కిటికీ చువ్వలు తుడుస్తున్నాను. అవి అప్పటికే రెండుసార్లు తుడిచినవి, మనవరాలి వంతు వస్తుందని మూడోసారి తుడుస్తున్నాను. వచ్చింది. కుందేలు పాఠం. అది లేచి నిలబడి పుస్తకం తెరిచింది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పింది. అయితే అవి వానకి తడిసి ఆరిన పుస్తకాలు. రెండు కాగితాలు అంటుకుని కలిసి తిరిగాయి. అది చూసుకోలేదు. వేలు జరుపుతూ, కుందేలు పొదలోకి దూరింది, కుందేలు చెవులు నిక్కించింది అంటూ గడగడా పోతోంది. ఎదురుగా పేజీలో ఇంత పెద్ద బాతు.

పక్క పిల్లాడు కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. పీట దాని పక్కకి జరుపుకుని, ఒక్క మాట మీద వేలు పెట్టి, ఇది చదవమంది.

మా గడగడ నోరు కదల్లేదు. పుస్తకం వంక చూసింది, టీచరమ్మ వంక చూసింది, తర్వాత కిటికీలోంచి నా వంక చూసింది.

అప్పుడు నేనేం చేశానో చెప్తాను, వినండి. చేతిలో గుడ్డతో, చువ్వల మధ్యనుంచి, చప్పుడు కాకుండా పెదవులు కదిపి అందించాను. బాతు బొమ్మ కనిపిస్తోంది కదా, బాతు పాఠంలో మొదటి మాట ఏదో నాకు తెలుసు. అది నా పెదవులు చూసి చెప్పేసింది. టీచరమ్మ వేలు పెట్టింది మూడో వరస మీద.

ఆవిడ మెల్లగా తల తిప్పి కిటికీ వైపు చూసింది. నేను చువ్వలు తుడిచాను.

మధ్యాహ్నం నీళ్ళకుండల దగ్గరికి ఆవిడే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆయమ్మా, పాపకి అక్షరాలు రావు" అంది.

"ఏ అక్షరాలమ్మా?"

"ఏవీ రావు. ఒక్కటి కూడా. ఆరు నెలల నుంచి నా ఎదురుగానే కూర్చుంటోంది. అంతమంది గొంతుల్లో దాని గొంతు కూడా వినబడుతోంది కదా అనుకున్నాను."

ఆవిడ కళ్ళు నీళ్ళకుండ మీదే ఉన్నాయి. తప్పు నాదైతే సిగ్గు ఆవిడ పడుతోంది. చివరికి, పిల్ల చెవి ముందు, నోరు ముందు పరిగెడుతున్నాయనీ, కన్ను వెనకబడిపోయిందనీ, ఇంట్లో పాఠాలు చెప్పడం మానెయ్యమనీ అడిగింది. అడిగింది అంటున్నాను, చెప్పలేదు. బతిమాలినట్టు అడిగింది.

ఆ రోజు ఇంట్లో సంగతి చెప్పక తప్పలేదు. కోడలు దుప్పట్లు ఉతికి ఉతికి పగిలిన చేతులకి నూనె రాసుకుంటోంది. విని నూనె గిన్నె పక్కకి జరిపింది. తర్వాత, "పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని, నాకు తెలియలేదంటే అర్థముంది. పగలంతా బడిలోనే ఉంటారు కదా అత్తయ్యా, మీకెలా తెలియలేదు?" అంది. దానికి నా దగ్గర జవాబుంది. ఉన్న జవాబు చెప్పుకోలేక మంచినీళ్ళు తాగాను.

మర్నాటి నుంచి జడ మౌనంగా అల్లాను. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నోటికి గొళ్ళెం పెట్టుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను, నేనసలే మాటల పుట్టని.

తర్వాతి రోజులు కళ్ళతో చూడలేకపోయాను. గడగడా చెప్పే పిల్ల ఒక్క అక్షరం ముందు నిలబడి చెమటలు కక్కేది. దానికి 'ప'కీ 'వ'కీ తేడా తెలిసేది కాదు. టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని నేలమీద సుద్దతో రాయించేది, ఇసుకలో రాయించేది, తెలియకపోతే రేపు తెలుస్తుందిలే అని వెన్ను తట్టి పక్క పిల్లవాడి దగ్గరికి జరిగేది. పీటలో ఉన్న మహిమ అది, జరగడానికి వీలుంటుంది. అరవై నాలుగు మందిలో ఏ పీట జరుగుతుంది?

ఆ జట్టులోనే ఒక పిల్లాడుండేవాడు. వాణ్ణి అందరూ మొండోడు అనేవాళ్ళం, నేను మరీనూ. పిలిస్తే పలికేవాడు కాదు. వాడికి ఎడమచెవి వినబడదని టీచరమ్మకి నాలుగో రోజుకే తెలిసిపోయింది. వాణ్ణి కుడిచెవి తన వైపు ఉండేలా కూర్చోబెట్టింది, అంతే, మొండితనం పోయింది. వాడు పెద్దగదిలో ఆరు నెలలు గోడ పక్కన కూర్చుని మొండోడనే పేరు మోశాడు.

నెల గడిచేసరికి మా పిల్లకి సగం అక్షరాలు వచ్చాయి. పెద్దగది మీద పెంకులూ సగం పడ్డాయి. నేను రోజూ ఒక కంట అక్షరాలు, ఒక కంట పెంకులు లెక్కపెట్టుకునేదాన్ని. పెంకులే ముందు పరిగెడుతున్నాయి. పైకప్పు పూర్తయిందంటే అరవై నాలుగు మందీ మళ్ళీ ఒకే గది, మళ్ళీ ఆ హోరు. మా పిల్ల చెవికి, నోటికి ఎంత బలముందో నాకు తెలుసు. వారం తిరక్కుండా మళ్ళీ అందరితో కలిసి పలికేసి తప్పించుకుంటుంది.

ఒక సాయంత్రం మా అబ్బాయి అన్నం తింటుంటే పక్కన కూర్చుని, అంత తొందరేముంది నాన్నా, పని నిదానంగా చేస్తే గట్టిగా ఉంటుంది కదా అన్నాను.

"నీకు పెంకుల పని గురించి ఎప్పట్నించి తెలుసమ్మా?"

"పిల్ల చదువు గురించి చెప్తున్నాను. ఇంకో నెల లాగించు. వాన పడిందను, పెంకులు రాలేదను."

వాడు ముద్ద చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "నేను ఒక పెంకు ఆలస్యంగా పెడితే టీచరమ్మ ఒక పాఠం ఎక్కువ చెప్పాలి. ఆవిడ గొంతు విన్నావా ఈమధ్య? పైనుంచి నాకు వినబడుతోంది. రంపం కోసినట్టుంది."

విన్నాను. రోజుకి నాలుగుసార్లు అదే పాఠం చెప్పి చెప్పి ఆవిడ గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు నేనే కాచి ఇస్తున్నాను. అయినా మనసు ఊరుకుంటుందా? మర్నాడు వాడు కిందికి దిగినప్పుడు తాపీ తీసి నీళ్ళకుండ వెనక దాచాను. వాడు వచ్చి వెతికాడు. నా వంక చూశాడు. సంచిలోంచి ఇంకో తాపీ తీసుకుని నిచ్చెనెక్కాడు. సాయంత్రం ఇంటికొచ్చాక, "కుండ వెనక పెడితే తుప్పు పడుతుందమ్మా, ఇంకోసారి బట్టలో చుట్టి దాచు" అన్నాడు. కోడలు నవ్వాపుకోలేక బయటికి పోయింది. నాకు నవ్వు రాలేదు.

అన్న మాట ప్రకారం నెలన్నరకి పైకప్పు పూర్తయింది. ఆ రోజు మధ్యాహ్నం హెడ్మాస్టారు నన్ను ఆఫీసుకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చాడు. వచ్చే వారం మొదటి రోజు నుంచి ఒకటో తరగతి అంతా మళ్ళీ పెద్దగదిలోనే, ఒకే వేళకి. గేటు దగ్గర నిలబడి తల్లులకి చదివి వినిపించమన్నాడు.

తొమ్మిదేళ్ళుగా మా ఇద్దరి పద్ధతి అదే. ఆయన కాగితం ఇస్తాడు. నేను, ఇందులో ఏం రాశారు మాస్టారూ, తల్లులు అడిగితే వివరంగా చెప్పాలి కదా అంటాను. ఆయన చదువుతాడు. ఒక్కసారి వింటే నాకు చాలు. గేటు దగ్గర కాగితం కళ్ళకి ఎదురుగా పట్టుకుని, పొల్లు పోకుండా చెప్పేస్తాను. ఆ రోజు కూడా ఆయన చదివాడు. నేను కాగితం తీసుకుని గుమ్మందాకా వెళ్ళాను. వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి బల్ల మీద పెట్టేశాను.

"నేను చదవలేను మాస్టారూ."

కళ్ళద్దాలు తెచ్చుకోలేదా అన్నాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయి. నాకు చదవడం రాదు."

ఆయన నవ్వబోయాడు. "ఇన్నేళ్ళ నుంచి చదువుతున్నావుగా."

"మీరు చెప్పింది అప్పజెప్పాను. సంతకం అంటారా, అది బొమ్మలా నేర్చుకున్నాను. చిన్నప్పుడు నేను ఇదే బడిలో, ఆ పెద్దగదిలోనే మూడేళ్ళు కూర్చున్నాను. అప్పుడు ఎనభై మందిమి. అందరితో పాటు నోరు కదిపేదాన్ని. నాకు రాదని ఒక్కరికీ తెలియలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు మాస్టారూ. అడగడానికి మీకు తెలియాలి కదా."

అప్పుడు గుమ్మంలో చప్పుడైంది. పెద్దగది తాళంచెవి అప్పజెప్పడానికి మా అబ్బాయి వచ్చి నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో తెలియదు. వాడికీ తెలియదు ఈ సంగతి. ఉత్తరం వచ్చినా, మందు సీసా వచ్చినా, నాకు చూపు ఆనదు నువ్వే చదువు నాన్నా అంటూ వాడి దగ్గరా నెట్టుకొచ్చాను. వాడు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. హెడ్మాస్టారు తాళంచెవిని చూస్తున్నాడు, కాగితాన్ని చూస్తున్నాడు, మా ఇద్దర్నీ మాత్రం చూడలేదు. మేం వచ్చేశాం.

దారిలో వాన. వాడు గొడుగు మొత్తం నా వైపే పట్టాడు. ఇంటి మలుపు దగ్గర మాత్రం, "ఆ బొమ్మ సంతకం చాలా బాగుంటుందమ్మా, నాది కోడి గీకినట్టుంటుంది" అన్నాడు. అంతే. ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వారం మొదటి రోజు నేను గంట కొట్టడానికి వెళ్ళేసరికి హెడ్మాస్టారి బల్ల వరండాలో ఉంది. ఫైళ్ళన్నీ దానిమీద, ఎగిరిపోకుండా వాటిమీద ఒక పెంకుముక్క. ఆఫీసుకీ సామాన్లగదికీ మధ్య ఉన్న చెక్కగోడ లేదు. తెల్లవారకముందే మా అబ్బాయిని పిలిపించింది దాన్ని తీయించడానికట. ఆ రెండూ కలిసి ఒకే గది అయ్యాయి. ముప్పై రెండు మంది అందులో టీచరమ్మ దగ్గర, ముప్పై రెండు మంది పెద్దగదిలో ఆయన దగ్గర.

ఆయన చిన్నపిల్లలకి పాఠం చెప్పి ఎన్నాళ్ళయిందో. మొదటి రోజు మధ్యాహ్నానికి చొక్కా మీద సిరా, జుట్టులో సుద్దపొడి. ఇద్దరు ఏడ్చారని ఒకడు, ఒకడు కొట్టాడని ఇద్దరు, ఆయన చుట్టూ తిరిగారు. నా దగ్గరికొచ్చి నీళ్ళు తాగుతూ, వీళ్ళు ఒక్కొక్కళ్ళూ ఒక్కో రకంగా ఉన్నారేమిటి ఆయమ్మా అన్నాడు, అదేదో అప్పుడే బయటపడ్డ వింతలాగా. ఫైళ్ళు ఆలస్యమవుతున్నాయని పైనుంచి ఆయనకి రెండుసార్లు చీవాట్లు పడ్డాయని తర్వాత తెలిసింది. బల్ల మాత్రం లోపలికి జరగలేదు.

ముప్పై రెండంటే పదహారు కాదు. టీచరమ్మ పీట ఒక్కోరోజు చివరి వరసదాకా చేరేది కాదు. అబద్ధమెందుకు, మా పిల్ల ఆ రోజుల్లో కాస్త వెనకబడింది కూడా. అయినా ఎవరి పెదవులు ఊరికే కదులుతున్నాయో ఆవిడకి తెలిసేది, దాటిపోయినా మర్నాడు తిరిగొచ్చి పట్టుకునేది.

వానలు తగ్గిపోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం, కోడలు పొయ్యి దగ్గర పాలు కాస్తోంది. పిల్ల పుస్తకం తెచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఇంకా బడిలో చెప్పని పాఠమట, చివర్లోది. నేను కూరలు తరుగుతున్నాను. ఆ పాఠం నాకు వచ్చు, నాలుక చివరే ఉంది. పెదవులు బిగించుకున్నాను.

అది మొదటి అక్షరం పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. రెండోది దానికి కలిపింది. వేలు కదలదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. పాలు పొంగాయి, కోడలు చూస్తూ కూడా గిన్నె దించలేదు, మా అబ్బాయి లేవబోతే చెయ్యి పట్టి ఆపేసింది. పాలు పోయాయి, పొయ్యి ఆరింది, ఇల్లంతా మాడు వాసన. అప్పటికి మూడు మాటలయ్యాయి. ఆ మూడు మాటలూ చదివి అది తలెత్తి చూసింది. ఈసారి నా వైపు చూడలేదు.

అంతే కథ. ఇది మీ దగ్గర ఉంచుకోండి, మీ తర్వాతివాళ్ళకి చెప్పండి. ఒకే గదిలో బోలెడుమంది పసిపిల్లలు ఒక్క గొంతుతో చదువుతుంటే విని మురిసిపోయేవాళ్ళు ఎక్కడ కనిపించినా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. చెప్పేటప్పుడు నా మీద జాలిపడి నా తప్పుని మాత్రం కోసెయ్యకండి. అది తీసేస్తే మిగిలేది ఒక మంచి బామ్మ కథ. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి.